పైపుకు ఎనిమిది దెబ్బలు

మా ఊళ్లో బోరింగు మెకానిక్కుగా పనిచేసే బాబాయి ఇంట్లో టీవీ పక్కన ఒక గాజు మెమెంటో ఉంది. నీలం ముఖమల్ పెట్టెలోంచి తీసి, వచ్చిపోయేవాళ్లకు కనపడేట్టు పెట్టింది పిన్ని. బాబాయి రాత్రిళ్లు కళ్లజోడు తీసి దానికి ఆనిస్తాడు. దాని మీద అక్షరాలన్నీ ఇంగ్లీషు. ఏం రాసుందో చెప్పమంటే చదివి చెప్పాను. బయటి భాగస్వాములతో కలిసి చేసిన మంచి పరిశోధనకు యూనివర్సిటీ ఇచ్చే పురస్కారం అని.

"బయటి అంటే ఎవురు?"

"యూనివర్సిటీకి బయట ఉన్నోళ్లు. అంటే నువ్వే బాబాయ్."

"నేనెట్టా బయటోణ్ణయితాను అబ్బాయ్? నేను ఊళ్లోనే ఉంటిని గదా. బయటినించి వచ్చింది వాళ్లు."

ఎకసెక్కానికి అన్నమాట కాదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. ఆ మాట నెలరోజులుగా పళ్లసందులో మామిడి పీచులాగా నన్ను కదలనివ్వడం లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను దర్శి పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇలాంటి అవార్డులు వద్దనేవాణ్ణి కాదు. ఉండాలి, ఇంకా ఎక్కువ ఉండాలి. కానీ ఏ పరిశోధనకు ఇవ్వాలో తేల్చే పని యూనివర్సిటీ కమిటీది కాకూడదు. మెమెంటోకి కళ్లజోడు ఆనించుకునే ఆయనది కావాలి.

మూడేళ్ల కిందట వేసవి సెలవుల్లో ఒక ప్రొఫెసరుగారు, ఇద్దరు పీహెచ్‌డీ పిల్లలు ఇన్నోవాలో మా బడికొచ్చారు. మా మూడు ఊళ్ల బోరింగుల్లో ఫ్లోరైడు ఎంతుందో, లోతును బట్టి ఎట్లా మారుతుందో, ఎండాకాలానికీ వానాకాలానికీ తేడా ఏముందో చూడాలన్నారు. నీళ్లలో ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడు గురించి మాకు కొత్తగా చెప్పక్కర్లేదు. నా క్లాసులో నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు బెంచీకి ఒకరుంటారు. గారపళ్లు. మా పెద్దమ్మ చివరి ఎనిమిదేళ్లూ నడుం వంగిపోయి నేలను చూస్తూనే నడిచింది.

వాళ్లకు మొదట కావాల్సింది బోర్ల లోతు. పంచాయతీలో అడిగితే కొన్నిటికి కాగితం ఉంది, చాలావాటికి లేదు. కొన్ని ఎమ్మెల్యే నిధుల్లో వేసినవి, కొన్ని ఎవరో దాత వేయించినవి, కొన్ని కరువులో హడావుడిగా వేసినవి. నేను వాళ్లను తీసుకెళ్లి బాబాయి అరుగు మీద కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్లుగా ఆ మూడు ఊళ్ల బోరింగులన్నీ ఎత్తి దించినవాడు ఆయనొక్కడే.

బోరింగు రిపేరు దగ్గర్నుంచి చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. మన ఊళ్లలో కనిపించే ఇండియా మార్క్ టూ పంపుకు కింద ఇనప పైపులు ఒకదానికొకటి మరతో బిగించి ఉంటాయి. ఒక్కోటి మూడు మీటర్లు, మా లెక్కలో పదడుగులు. అడుగున సిలిండరు, లోపల రాడ్లు. వాషర్లు అరిగి నీళ్లు ఎక్కకపోతే మూడుకాళ్ల స్టాండు వేసి, గొలుసు కట్టి, మొత్తం బయటికి లాగాల్సిందే. లాగేటప్పుడు ఒక్కో పైపూ విప్పి వరసగా పక్కన పేరుస్తారు. అట్లా లాగిన ప్రతిసారీ బాబాయి పైపులు లెక్కపెట్టుకుంటాడు. మళ్లీ దించేటప్పుడు ఒక్కటి తగ్గినా ఆయన మీదికే వస్తుంది గదా.

"అంకాలమ్మ గుడి కాడిది పదకొండు పైపులు. బడి కాడిది పదమూడు. కాలనీలో మొదటిది తొమ్మిదే ఉండె, ఆ కరువులో ఇంకో రెండు దించినాం." ఇట్లా ఇరవై ఏడు బోరింగులకూ చెప్పుకుంటూ పోయాడు. పిల్లలు రాసుకుంటున్నారు. మధ్యలో ఆయనే ఆపి, "అమ్మాయ్, ఇది పైపుల లోతు. బోరు లోతనుకునేవు. బోరు ఇంకా కిందికి ఉంటది. నీళ్లు యాడ నిలుస్తయ్యో కావాలంటే పైపు మీద తుప్పు గీత చూడాల. అది కూడా చెప్తాలే" అన్నాడు. ఆ అమ్మాయి కలం ఆపి ప్రొఫెసరుగారి వంక చూసింది. ఆయన తల ఊపారు. అప్పటిదాకా వాళ్ల పట్టికలో లోతుకు ఒక్క గడే ఉంది. ఆ పూట నుంచి మూడయ్యాయి.

మర్నాడు నీళ్లు పట్టడం. ప్లాస్టిక్ సీసాలు తెచ్చారు. ఫ్లోరైడు గాజును తింటుంది కాబట్టి గాజు సీసాల్లో పట్టకూడదని ఆ అమ్మాయి వివరంగా చెప్పింది. బాబాయి శ్రద్ధగా విన్నాడు. ఆమె సీసా అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి పట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "అవి రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లమ్మా. కొత్తనీళ్లు రావాలంటే పైపుకు ఎనిమిది దెబ్బలు కొట్టాల. పదకొండు పైపులు. ఎనభై ఎనిమిది కొట్టినాక పట్టు."

దెబ్బ అంటే పంపు హ్యాండిలు ఒకసారి కొట్టడం. నేను సైన్సు అయివారిని. ఊరుకోబుద్ధి కాలేదు. ఇంటికెళ్లి లెక్కేశాను. పైపు లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లు, పొడవు 3 మీటర్లు. పట్టే నీళ్లు రెండు లీటర్ల నాలుగొందల మిల్లీలీటర్లు. పంపు బాగుంటే ఒక దెబ్బకు వచ్చేది దాదాపు 300 మిల్లీలీటర్లు. భాగిస్తే ఎనిమిది. లోపలున్న రాడ్డు ఆక్రమించే చోటు తీసేస్తే ఏడుకే సరిపోతుంది. ఎనిమిదోది జాగ్రత్తకి. ఆయన ఈ లెక్క ఎప్పుడూ వేసి ఉండడు. వాషరు మార్చాక నీళ్లు పైకి రావడానికి ఎన్ని దెబ్బలు పడుతుందో ముప్పై ఏళ్లు చేత్తో కొట్టి తెలుసుకున్నాడు.

ఏడాదిన్నర తర్వాత పత్రం అచ్చయింది. ఆ అమ్మాయే పంపించింది, పాపం. పద్ధతుల విభాగంలో ఒక వాక్యం ఉంది. పైపులో నిలవ ఉన్న నీటిని, దాని పరిమాణాన్ని బట్టి, పూర్తిగా తోడిపోసిన తర్వాతే నమూనా తీశామని. చక్కటి వాక్యం, కర్త లేని వాక్యం. లోతుల పట్టిక మూడు గడులతో ఉంది. చివర్న ధన్యవాదాల్లో నిధులిచ్చిన సంస్థ, ల్యాబు, డిపార్టుమెంటు హెడ్డు, ఆ తర్వాత "స్థానిక ప్రజల సహకారం."

ఆపైన అవార్డు. ఆ ఏడే మొదలుపెట్టారట. దరఖాస్తు నింపడానికి "భాగస్వామి" సంతకం కావాలని నాకు ఫోనొచ్చింది, కాబట్టి ఫారం చూసే భాగ్యం నాకు కలిగింది. పద్నాలుగు పేజీలు. ఎన్ని పత్రాలు, ఏ పత్రికల్లో, ఎంత ఫండు, ఎన్ని ఎంఓయూలు, అంటే ఒప్పందాలు, అవి నడుస్తున్నవేనా, ఫొటోలు జియోట్యాగుతో జతచేయండి. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లొచ్చినప్పుడు చూపించడానికి ఇవన్నీ ఎట్లాగూ కావాలి. మా బడి చెట్టుకింద బాబాయి నిలబడ్డ ఫొటో అడుగున అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం సెకన్లతో సహా ఉన్నాయి. ఆయన పేరు లేదు. పద్నాలుగు పేజీల్లో ఆయన కోసం విడిచిన చోటు చివరి పేజీలో ఒక గీత. దాని మీద తెలుగులో సంతకం పెట్టాడు, పొడుగ్గా, గీత దాటిపోయేట్టు.

సభ రోజు మేమిద్దరం బస్సులో వెళ్లాం. స్టేజి మీదికి పిలిచినప్పుడు ఆయన్ను "గ్రామీణ సముదాయ ప్రతినిధి" అన్నారు. ఊరు ఆయన్ను ఎప్పుడూ దేనికీ ప్రతినిధిగా ఎన్నుకోలేదు. పోయినసారి వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయాడు కూడా. శాలువా కప్పారు. మెమెంటో ఇచ్చారు. పరిశోధన బృందానికి చెక్కు ఇచ్చారు, తర్వాతి పనికి వాడుకోవడానికి. భోజనాలు బాగున్నాయి, అబద్ధం చెప్పకూడదు. తిరుగుబస్సులో చాలాసేపు మాట్లాడలేదు. దర్శి ఇంకో అరగంట ఉందనగా, "అబ్బాయ్, మన బోరింగుల లెక్క చెప్పలేదే" అన్నాడు.

ఇంటికొచ్చి పత్రం తెరిచాను. ఇరవై ఏడు బోరింగులకూ కోడ్ నంబర్లు ఇచ్చారు. ఏ కోడు ఏ బోరింగో ఎక్కడా లేదు. కొన్నిట్లో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటి చాలా పైకి పోయింది. అందులో బడి దగ్గరిది ఉందో లేదో, పిల్లలకు రోజూ తాగించే నేను చెప్పలేను. లోతును బట్టి వెతుకుదామంటే పదమూడు పైపులవి మూడున్నాయి. మెయిలు పెట్టాను. రెండో పత్రం రివ్యూలో ఉంది కాబట్టి వివరాలు ఇప్పుడే ఇవ్వలేమని మర్యాదగా జవాబొచ్చింది.

భాగస్వామ్యానికి అవార్డు పుచ్చుకున్న పరిశోధన ఇది.

మా ప్రాంతంలో ఈ కథ పాతదే. 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక పత్రం అచ్చయింది. షార్ట్, పండిట్, రాఘవాచారి రాసింది. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి, అంటే ఈ ఫ్లోరైడు జబ్బు గురించే. ఈ జబ్బు మీద మన దేశంలో వచ్చిన తొలి రిపోర్టుల్లో ముందు చెప్పేది దాన్నే. రాసినవాళ్లు చిన్నవాళ్లు కారు. మలేరియా పరాన్నజీవి రక్తంలోకి వచ్చేముందు కాలేయంలో పెరుగుతుందని తర్వాత రుజువు చేసినవాళ్లలో షార్ట్ ఒకరు. పండిట్ దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు మొదటి డైరెక్టరయ్యారు. నెల్లూరు జిల్లా అంటే అప్పటి జిల్లా. పొదిలి, దర్శి, కనిగిరి, కందుకూరు అందులోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాకే ఇవి విడిపోయాయి.

ఫ్లోరోసిస్ చరిత్ర చెప్పేవాళ్లు ఆ పత్రంతోపాటు ఇంకో ముక్క కూడా చెబుతారు. జబ్బును ముందు చూసింది డాక్టర్లు కాదు, రైతులు. మనుషుల్లో కాదు, ఎద్దుల్లో. దుక్కికి కట్టిన ఎద్దులు కీళ్లు బిగదీసుకుపోయి అడుగు తీసి అడుగు వేయలేకపోవడం వాళ్లు గమనించారు. మనుషుల్లో ఉన్నదీ అదే జబ్బని తేలింది ఆ తర్వాత.

ఈ ముక్కలో నాకు పట్టుకునే దృశ్యం ఒకటుంది. ఎద్దు ఆగిపోయింది. ములుకర్ర తగిలించినా కదలదు. రైతు కాడి దించి, మోకాలి నుంచి గిట్ట దాకా తడిమి చూస్తాడు. వాపు లేదు, దెబ్బ లేదు, ముల్లు లేదు. పక్క పొలంవాడి ఎద్దుకూ అంతే. పక్క ఊరి బావినీళ్లు తాగే ఎద్దుకు ఏమీ లేదు. ఇదంతా నా ఊహ, పత్రంలో ఉన్నది కాదు. కానీ ఎవరో ఒకరు గమనించి, ఇంకొకరికి చెప్పి, ఆ మాట ఎట్లాగో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ దాకా చేరితేనే గదా అక్కణ్ణుంచి పరిశోధకులు ఇటు తిరిగారు. పత్రం రాసినవాళ్ల పేర్లు తొంభై ఏళ్లయినా నోటికొస్తాయి. మొదట కాడి దించినవాడి పేరు మా ఊళ్లలో కూడా ఎవరికీ తెలియదు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మా ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్లి "నెలోర్" అయ్యాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. ఇప్పుడు ఆ దేశపు మాంసం పశువుల్లో పెద్దభాగం ఆ రక్తమే. 1960లలో వెళ్లిన ఒక ఆంబోతు పేరు "కరవది." ఒంగోలు పక్కనున్న ఊరి పేరు, అక్కడి వంశవృక్షాల్లో దాన్ని మూలపురుషుడిలాగా రాసుకుంటారు. ఎద్దుకు దక్కిన గౌరవం ఎద్దుకు దక్కింది, అసూయ లేదు. జిల్లా పేరు మాత్రం పశువులకూ జబ్బుకూ రెంటికీ నెల్లూరే కొట్టేసింది. నెల్లూరు మిత్రులు ఏమీ అనుకోవద్దు, మీకు మొలగొలుకుల బియ్యం ఉన్నాయిగా, ఈ రెండూ మాకు వదిలేయండి.

నెల్లూరు నుంచే ఎదురు ఉదాహరణ ఒకటి. ముత్తుకూరు పక్కన మా బావమరిది రొయ్యల చెరువులు చేస్తాడు. 1990లలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు వాళ్ల నాన్న పొలం అమ్మాడు. 2009 తర్వాత వెనామీ అనే ఇంకో రకం రొయ్య వచ్చాక మళ్లీ దిగారు. అక్కడ రొయ్యపిల్ల తెచ్చినప్పుడల్లా వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ టెస్టు చేయిస్తారు. పొద్దున ఇచ్చిన శాంపిలుకు సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు, అతని పేరుతో, అతని చెరువు నంబరుతో. ఎవరైనా పరిశోధకులు వచ్చి చెరువులో నీళ్లు ముంచుకుంటామన్నా, రిజల్టు ముందు నాకు చెప్పాలని మొహంమీదే చెబుతాడు. వాళ్లూ చెబుతారు. ఎందుకంటే చెరువు అతనిది, గట్టెక్కనివ్వకపోతే పరిశోధన లేదు. డబ్బు కట్టినవాడికి సాయంత్రానికి రిపోర్టు, ముప్పై ఏళ్ల లెక్క అప్పజెప్పినవాడికి శాలువా. సైన్సులో ఇందుకు కారణం నాకేమీ కనపడలేదు.

ఇప్పుడు ప్రొఫెసరుగారి పక్షం. ఆయన మంచివాడు. ఎండలో మాతోపాటు తిరిగాడు, మా ఇంట్లో మజ్జిగన్నం తిన్నాడు. ఇదంతా రాయబోతున్నానని చెబితే కోప్పడకుండా గంటసేపు మాట్లాడాడు. ప్రాజెక్టులో ప్రయాణాల పద్దు మార్చితో అయిపోయింది, మళ్లీ ఊరికి రావాలంటే జేబులోంచి పెట్టుకోవాలి. ఫలానా బోరింగు నీళ్లు తాగకండని ఒక యూనివర్సిటీ మనిషి ఊళ్లో బోర్డు పెడితే, నీకా అధికారం ఎవరిచ్చారని ఊళ్ల మంచినీళ్లు చూసే ఆర్‌డబ్ల్యూఎస్ శాఖవాళ్లు అడుగుతారు. పైగా ఊరు భయపడుతుంది. ఇక రచయితగా పేరంటారా, వైద్యపత్రికల సంపాదకుల సంఘం పెట్టిన షరతులు నాలుగు. పనిలో గణనీయమైన పాలు ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో చెయ్యి ఉండాలి, తుదిప్రతిని ఒప్పుకోవాలి, పత్రంలో ప్రతి మాటకూ జవాబుదారీగా నిలబడాలి. "ఇంగ్లీషు పత్రానికి ఆయన ఎట్లా జవాబుదారీ అవుతాడు సార్?"

ప్రయాణాల పద్దు, బోర్డు పెట్టే అధికారం, ఈ రెండూ నిజమైన ఇబ్బందులే. రచయితగా పేరు దగ్గరే నాకు పేచీ. అదే నియమాల్లో ఇంకో మాట ఉంది. మొదటి షరతుకు తగినవాళ్లకు మిగతా వాటిలో పాలుపంచుకునే అవకాశం ఇవ్వాలి, ఆ అవకాశం ఇవ్వకుండా "మిగతావి తీరలేదు" అని పేరు ఎగ్గొట్టకూడదు. పత్రాన్ని తెలుగులో చదివి వినిపించడానికి ఒక పూట చాలు. లోతుల పట్టిక మీద వేలుపెట్టి, ఇది తప్పు, ఇది ఒప్పు అనడానికి బాబాయికి ఇంగ్లీషు అక్కర్లేదు. నిజానికి ఆ పట్టికకు జవాబుదారీగా నిలబడగలిగినవాడు ఈ భూమ్మీద ఆయనొక్కడే.

భాష రానివాళ్లు, చదువు లేనివాళ్లు రచయితలైతే పత్రిక పరువు పోతుందనేవాళ్లకు 2010లో బయాలజీ లెటర్స్‌లో వచ్చిన పత్రం చూపిస్తాను. ఇంగ్లండులోని బ్లాకాటన్ అనే పల్లెటూరి ప్రాథమిక పాఠశాల పిల్లలు పాతికమంది, ఎనిమిది నుంచి పదేళ్ల వాళ్లు, తుమ్మెదలు రంగులను, వాటి అమరికను ఎట్లా గుర్తుపడతాయో ప్రయోగాలు చేసి రాసింది. బొమ్మలకు రంగు పెన్సిళ్లతో వాళ్లే రంగులేశారు. చివర్న ఎప్పుడూ ఉండే పాత పత్రాల జాబితా లేదు, పిల్లలు అవి చదవలేదు కాబట్టి. రాయల్ సొసైటీ పత్రిక అది. పరువేమీ పోలేదు.

సరే, అవార్డుకొద్దాం. యూనివర్సిటీల్లో లెక్కకొచ్చేదే జరుగుతుంది. పత్రాలు లెక్కపెడితే పత్రాలొచ్చాయి, ఎంఓయూలు లెక్కపెడితే ఎంఓయూలొచ్చాయి. 2014లో కాలేజీలను ఊళ్లతో కలిపే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ వచ్చి, పాల్గొనే ప్రతి కాలేజీ ఐదు ఊళ్లు దత్తత తీసుకోవాలన్నాక ఊళ్లకు ఫ్లెక్సీలొచ్చాయి. వెటకారం కాదు, కొన్నిచోట్ల పనీ జరిగింది. అంటే అవార్డుకు బలముంది. తప్పు చోట కొలిస్తే ఆ బలం తప్పు చోటే పనిచేస్తుంది. ఇప్పుడు మనం కొలిచేది ఊరి నుంచి యూనివర్సిటీకి ఏం చేరిందని. యూనివర్సిటీ నుంచి ఊరికి ఏం చేరిందని అడగాలి.

"మరి బయటివాళ్లే నామినేట్ చేస్తే ఏమవుతుందో మీకు తెలియదా, సర్పంచి బామ్మర్ది వచ్చి కూర్చుంటాడు" అని మా స్టాఫ్‌రూంలో ఒక సారు అన్నారు. అవును, కూర్చుంటాడు. దానికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది, మొహమాటం. ఆ సార్లు ఎట్లాంటివాళ్లని బాబాయిని అడిగితే, "బంగారం లాంటోళ్లు" అంటాడు. ఎండలో తిరిగారు, ఇంట్లో తిన్నారు, పిల్లదానికి పెన్నుల డబ్బా ఇచ్చారు. ఇంకేమంటాడు? అందుకే ఎట్లాంటివాళ్లని అడగకూడదు. నీ బోరింగు లెక్క ఎంత, చూపించు అనాలి. ఆయన ఇంట్లో, తెలుగులో, ఆయన బోరింగు పేరుతో ఒక కాగితం ఉంటే దరఖాస్తు తీసుకోవాలి. లేకపోతే పద్నాలుగు పేజీలూ చెత్తబుట్టలోకి. మొహమాటానికి అక్కడ చోటుండదు. కాగితం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఇది నా గొంతెమ్మ కోరికేమీ కాదు. దక్షిణాఫ్రికాలో శాన్ ప్రజలు, వందేళ్లుగా పరిశోధకులు వచ్చి కొలిచి పోయిన జనం, 2017లో తమ దగ్గరికొచ్చే పరిశోధకులు పాటించాల్సిన నియమావళి తామే రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, మా పద్ధతి ప్రకారం అనుమతి. అచ్చువేసే ముందు మాకు చూపించాలి, మాటిస్తే తిరిగి రావాలి. మన దగ్గర కూడా ఒక దారి ఉంది. మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం కింద పాత వంగడాలు కాపాడిన రైతు సముదాయాలకు కేంద్రం ప్లాంట్ జీనోమ్ సేవియర్ పురస్కారం ఇస్తుంది. డబ్బుతో సహా, సముదాయానికే. ఆ వంగడం మీద పత్రం రాసినవాళ్లకు కాదు, గాదెలో దాచినవాళ్లకు. అక్కడ సాధ్యమైంది నీళ్ల దగ్గర ఎందుకు కాదు? చెక్కులో సగం ఊరికివ్వమంటాను. ఆ సగంతో ఏం చేస్తారని కమిటీ అడక్కూడదు, వీళ్ల సగంతో ఏం చేస్తారని ఊరు అడగట్లేదు గదా.

ఇంకోటి, పత్రం వచ్చిన ఏడే అవార్డు ఇవ్వొద్దు. మూడేళ్లు ఆగండి. వాళ్ల ఫోన్లో బాబాయి నంబరు అప్పటికీ ఉందో లేదో చూడండి.

"ఇప్పుడెవరు సార్ బోరింగు నీళ్లు తాగేది, అందరూ ఇరవై లీటర్ల క్యానేగా" అంటారు కొందరు. క్యాను ఇంట్లో ఉంటుంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర, కంది చేలో, గొర్లు కాసుకునే చోట తాగేది దొరికిన నీళ్లు. అన్నం వండేది ఏ నీళ్లతోనో పిన్నిని అడిగితే చెబుతుంది. క్యాను నీళ్లతో కాదు.

పోయిన ఆదివారం మేమే మొదలుపెట్టాం. జల్ జీవన్ మిషన్ వచ్చాక ఊళ్లో ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పి పంచాయతీకి కిట్టు ఇచ్చారు. మా ఊరి కిట్టు డ్వాక్రా లీడరమ్మ ఇంట్లో బీరువా మీద ఉంది. ఫ్లోరైడు సీసా తేదీ చూశాను, ఇంకా నాలుగు నెలలుంది. ల్యాబులో వచ్చేంత కచ్చితంగా రాదు, రంగును చార్టుతో పోల్చుకోవడమే. మాకు అదే ఎక్కువ.

బడి దగ్గరికి వెళ్లేసరికి బాబాయి వచ్చి ఉన్నాడు. కొత్త లాంగ్‌నోట్‌బుక్కు కొన్నాడు, గళ్లు గీసుకొచ్చాడు. ఊరు, బోరింగు, పైపులు, తుప్పు గీత. ఐదో గడికి పేరు పెట్టలేదు. లీడరమ్మ గిన్నె పట్టబోతే ఆపాడు.

"పదమూడు పైపులు. నూటనాలుగు కొట్టందే పట్టమాకు."

మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు వంతులేసుకుని కొట్టారు. అరవై దగ్గర ఒకడు లెక్క తప్పాడు. బాబాయి కళ్లు మూసుకుని అరుగు మీద కూర్చునే "అరవై మూడు" అన్నాడు. నూటనాలుగయ్యాక గొట్టంలోకి నీళ్లు తీసుకుని, మందు చుక్కలేసి, ఆమె కదిపి ఎండకు ఎత్తి పట్టుకుంది. గులాబీ రంగు నిలవలేదు. పలచబడి, నారింజలోకి వచ్చి, పసుపు దగ్గర ఆగింది. చార్టు మీద ఏ గడికి ఆనించినా అది ఒకటిన్నరకు అవతలే. ఇంకోసారి చేయమన్నాను, చేసింది. అదే పసుపు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పన్నెండేళ్లుగా ఆ బోరింగు పక్కన నిలబడి పిల్లల్ని వరసలో పెట్టి తాగించింది నేను.

బాబాయి జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, ఐదో గడిలో "పసుపు, రెండుసార్లు" అని రాసుకున్నాడు. ఎవరు చేశారో కూడా రాయాలని లీడరమ్మ పేరు అడిగి రాశాడు. కొట్టిన పిల్లలిద్దరి పేర్లూ రాశాడు. తర్వాత పంపు హ్యాండిలుకు తువ్వాలు కట్టి, సోమవారం పొద్దున ఎర్ర పెయింటు డబ్బా తెస్తానని చెప్పి, అంకాలమ్మ గుడి వైపు నడిచాడు. ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి. సీసాలో మందు పదింటికి మించి రాదని లీడరమ్మ అంటోంది.